విశ్రాంతియు ఋణస్మరణయు

'పర్వము' అను సంస్కృతపదమునకు పండుగ అను అర్థముతోపాటు కణుపు అను అర్థము కూడ కలదు. చెఱకుగడలో తియ్యని రసము కణుపునకును కణుపునకును నడుమనున్న భాగమునందే అధికము. కణుపు గట్టిది, నమలువానికి అది రుచింపదు. ఐనను చెఱకు నాటదలచిన రైతు కణుపులున్న ముక్కలనే యేరి నేలలో పాతును; ఏలయన మొలకెత్తు కన్ను కణుపునొద్దనే యుండును. కన్నులేని ముక్క యెంత రసవంతమైనను మొలవక మట్టిలో కుళ్లిపోవును. సంవత్సరమను గడకు పర్వదినములు ఇట్టి కణుపులు. అవి పైపై తీపికొఱకు ఏర్పడినవి కావు. జీవితము మఱల మొలకెత్తుటకై ఏర్పడినవి. ఈ సంగతిని మఱచి, పర్వదినమును కేవలము పనిలేని దినముగా నెంచువాడు కన్నును గిల్లివేసి గడను నాటిన రైతువంటివాడు.

తెలుగున నున్న 'సెలవు' అను మాటయు ఆలోచింపదగినదే. పెద్దల సెలవు అనగా వారి ఆజ్ఞ, వారి అనుమతి. పూర్వవ్యవహారమున ఆ మాటకు వ్యయము అను అర్థము కూడ కలదు. కావున సెలవుదినమనగా ఒకరు అనుమతింపగా లభించినది, ఏదో యొక ప్రయోజనమునకై వ్యయము కావలసినది. ఎవరు అనుమతించిరి? దేనికై వ్యయమైనది? ఈ రెండు ప్రశ్నలును ఆ మాటలోనే యిమిడియున్నవి.

పూర్వపు వేదపాఠశాలలయందును సెలవులుండెడివి. ప్రతిపత్తు, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య మొదలగు దినములు అనధ్యాయములు. శిష్టుడు, అనగా సదాచారసంపన్నుడైన పెద్ద, గృహమునకు విచ్చేసినపుడు కూడ అధ్యయనమును నిలుపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. అచట పాఠము ఆగుట ఆటకొఱకు కాదు, వచ్చిన మహనీయుని సేవించుటకు. మనుస్మృతి మఱియొక నియమమును చేర్చినది: నిత్యస్వాధ్యాయమునకును, హోమమంత్రములకును అనధ్యాయము లేదు. శిష్యునకు క్రొత్త పాఠమునుండి విరామము కలదు గాని, దైవస్మరణనుండి విరామము లేదు. ఆహారమునకు సెలవుండవచ్చును, ఊపిరికి సెలవెక్కడిది?

నేటి జీవనమున సెలవులకు కొఱత లేదు. ఉద్యోగికి ఆదివారము కలదు. పెక్కుమందికి శనివారము కూడ కలదు. పండుగలు వేఱుగా నున్నవి. ఐనను సెలవుదినపు సాయంకాలమున తృప్తితో దీపము వెలిగించువారు అరుదు. ఉదయము ఆలస్యముగా లేచి, చేతిలోని ఫోనుపై దృశ్యమువెంట దృశ్యమును చూచుచు, మధ్యాహ్నమున నిద్రించి, ప్రొద్దు గ్రుంకువేళ లేచిన గృహస్థునకు అలసట తీరినట్లుండదు. ఏదియో చేజారిపోయినదను చింత మాత్రము మిగులును. మఱునాటి పనిని తలచుకొని విసుగు కలుగును. ఆ విసుగు భార్యాబిడ్డలపై మాటగా వెలువడును. పని మానినను విశ్రాంతి లభింపకుండుటకు కారణమేమి?

దేహమునకు భారము పని. మనస్సునకు భారము తన్నుగూర్చిన తలంపు. నాకు తగిన గౌరవము లభింపలేదు, నా శ్రమను ఎవరును గుర్తింపలేదు, నాకింకను ఇది కావలెను అను తలంపులు పనిదినములయందు పనిచాటున నణగియుండి, సెలవుదినమున తీఱిక దొరకగానే పైకి వచ్చును. దేహము పడకపై నున్నను మనస్సు ఆ మూటను దింపక మోయుచునే యుండును. ఆ మూటను దింపుటకు ధ్యానాదులైన గొప్ప సాధనములు కలవు; కాని సామాన్యగృహస్థునకు అన్నింటికంటె సులభమైనది కృతజ్ఞత. తనకు మేలు చేసినవానిని ప్రేమతో తలచుకొనునంతసేపు మనుష్యుడు తన్ను మఱచును. తన్ను మఱచుటయే విశ్రాంతి.

మఱియు, ఏ సెలవును ఒక్కని సొత్తు కాదు. పండుగనాడు ఇంటిల్లిపాదికిని సెలవు. గృహిణికి మాత్రము ఆనాడే పని రెట్టింపు. బంధువుల యింటికి పోవువారికి సెలవు. వారిని కొనిపోవు బస్సును నడుపువానికి సెలవు లేదు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన నిలుచు నర్సునకును, విద్యుత్కేంద్రమున రాత్రి మేల్కొనియుండు కార్మికునకును పండుగ వచ్చినదనుటకు గుర్తు పంచాంగము మాత్రమే. దినకూలికి పని లేని దినము కూలి లేని దినము. ఇందఱి శ్రమమీద పఱచిన పాన్పుపైని ఒకడు విశ్రమించుచున్నాడు. అతడు విశ్రమించుట తప్పు కాదు. మితమైన ఆహారవిహారములును నిద్రయు గలవానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీతయే బోధించుచున్నది. పాన్పు పఱచినదెవరో మఱచుటయే తప్పు.

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతోనే జన్మించునని శ్రుతి చెప్పుచున్నది. వీనిని దినదినమును తీర్చుటకే గృహస్థునకు పంచమహాయజ్ఞములు విధింపబడినవి: దేవతలకు హోమము, ఋషులకు స్వాధ్యాయము, పితరులకు తర్పణము, మనుష్యులకు ఆతిథ్యము, మూగజీవములకు బలి. తనకు లభించినదానిలో ఇచ్చినవారికి భాగమీయక తానే భుజించువాడు దొంగయని గీత మూడవ అధ్యాయమున కఠినముగానే చెప్పబడినది. దినచర్యయందు మఱుగుపడిన ఈ ధర్మమును పర్వదినములు పెద్ద అక్షరములతో వ్రాసి చూపును. తెలుగునాట సంక్రాంతి మూడు దినములే ఇందుకు చాలిన ఉదాహరణము. భోగినాడు పాతబడిన వస్తువులు మంటలో వేయబడును. సంక్రాంతినాడు పితరులకు తర్పణము విడువబడును. కనుమనాడు ఎడ్లకు కాడి కట్టరు. వానిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండ వేసి పూజింతురు. ఏడాది పొడుగునను దున్నిన యెద్దునకు ఆనాడు సెలవు. పనికిరానిదానిని విడుచుట, తనకంటె ముందున్నవారిని తలచుట, తనకై శ్రమించినదానికి విశ్రాంతి నొసగుట: పండుగ సారమంతయు ఈ మూడింటిలో నున్నది.

విశ్రాంతి ఒకనికెట్లు ఉరియగునో, మఱియొకనికెట్లు మెట్టగునో వాల్మీకిమహర్షి రామాయణమున రెండు కథలయందు చూపినాడు.

వాలివధానంతరము సుగ్రీవునకు రాజ్యము లభించినది. వర్షాకాలము వచ్చినది. శ్రీరాముడు తానై సుగ్రీవునకు సెలవొసగి, వానలు వెలిసిన పిమ్మట సీతాన్వేషణకు పూనుకొనవలసినదని చెప్పి, తాను లక్ష్మణునితో ప్రస్రవణపర్వతగుహలో నివసించెను. ఒకే వర్షాకాలము ఇరువురికిని గడచినది. గుహలో నున్నవానికి అది దుఃఖముతో కూడిన నిరీక్షణము. అంతఃపురమున నున్నవానికి అది భోగము. ఆకాశము నిర్మలమైనప్పుడు హనుమంతుడు తన రాజునకు కర్తవ్యమును జ్ఞాపకము చేసెను. సుగ్రీవుడు సేనలను రప్పింపుమని నీలుని ఆజ్ఞాపించి, మఱల అంతఃపురమునకే పోయెను. ఆజ్ఞ యిచ్చినంతనే ఋణము తీరినట్లు భావించుట ఎంత సులభము! అప్పుడు లక్ష్మణుడు క్రోధముతో కిష్కింధకు వచ్చి, మహాపాతకములకైనను ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నునకు లేదని అతనికి వినిపించెను. సుగ్రీవుడు దుష్టుడు కాడు. ద్రోహము తలపెట్టినవాడును కాడు. అతడు చేసినదెల్ల సెలవు ఎవరిచ్చిరో మఱచుట మాత్రమే. తార మధురవాక్యములతో లక్ష్మణుని శాంతింపజేసిన పిమ్మట సుగ్రీవుడు తన మెడలోని పూలదండను త్రెంచివేసెను. అతని మదము దిగెను. ఆ దండ తెగిన క్షణమున అతని నిజమైన పండుగ ఆరంభమైనది. నాలుగు దిక్కులకును వానరులు బయలుదేరుట అటుపిమ్మటనే.

రెండవ కథ సముద్రముమీద జరిగినది. హనుమంతుడు లంకకు లంఘించి పోవుచుండగా సముద్రుడు ఆలోచించెను: తన్ను పెంపొందించినవాడు ఇక్ష్వాకువంశజుడైన సగరుడు; ఆ వంశపు కార్యమునకై పోవుచున్నవానికి శ్రమ కలుగనీయరాదు. అందుచే తన గర్భమున దాగియున్న మైనాకపర్వతమును పైకి లేచి ఆతిథ్యమిమ్మని కోరెను. మైనాకునకును ఒక ఋణము కలదు. ఇంద్రుడు పర్వతముల ఱెక్కలను వజ్రముతో ఖండించుచున్న కాలమున వాయుదేవుడే అతనిని సముద్రమున పడవైచి రక్షించెను. ఆ వాయువు కుమారుడే ఈ హనుమంతుడు. పర్వతము అడ్డముగా లేచుట చూచి హనుమంతుడు విఘ్నమని తలచి ఱొమ్ముతో త్రోసెను. మైనాకుడు కోపింపలేదు, మనుష్యరూపము దాల్చి, తన శిఖరముపైనే నిలిచి, కందమూలఫలములు స్వీకరించి విశ్రమింపుమని వేడుకొనెను. మేలు పొందినవాడు మాఱుమేలు చేయుట సనాతనధర్మమని అతడు చెప్పిన హేతువు.

హనుమంతుడు ఆ ప్రేమకు సంతసించెను. ఆతిథ్యము జరిగినట్లే యని పలికెను. కాని ప్రొద్దు పోవుచున్నదనియు, నడుమ ఆగనని మాట యిచ్చియుంటిననియు తెలిపి, పర్వతమును చేతితో తాకి ముందుకు సాగెను. అతడు విశ్రాంతిని తిరస్కరింపలేదు. విశ్రాంతి నొసగినవాని హృదయమును స్వీకరించి, దానినే బలముగా చేసికొనెను. ఆ చేతి స్పర్శలో ఒక సెలవుదినమంతయు ఇమిడియున్నది. ఇంకొక విశేషము కలదు. మైనాకుని సాహాయ్యమును చూచి ఆనందించి అతనికి అభయ మొసగినవాడు ఇంద్రుడే. ఎవనికి భయపడి అంతకాలము నీటిలో దాగియుండెనో వాడే. కృతజ్ఞతకై పైకి లేచినందున మైనాకుని చిరకాలభయము తొలగినది. దాగియున్నంతకాలము ప్రాణము దక్కినది గాని భయము పోలేదు.

ఈ అభయమునే ఇటీవలి చరిత్రయందును ఒక సెలవుదినము ప్రసాదించినది. 1885 డిసెంబరు 11న శ్రీరామకృష్ణులు కంఠవ్యాధితో కలకత్తా సమీపమున నున్న కాశీపురపు ఉద్యానగృహమునకు చేరిరి. ఆ గృహమునకు నెలకు 80 రూపాయల అద్దెను సురేంద్రనాథమిత్ర భరించెను. ఇతరవ్యయములను గృహస్థభక్తులు తమలో పంచుకొనిరి. నరేంద్రుడు మొదలగు యువకులు రాత్రింబగళ్లు శుశ్రూష చేయుచుండిరి. వారిలో శుశ్రూషయందు తన్ను పూర్తిగా మఱచిన శశియే తరువాత రామకృష్ణానందస్వామియై 1897లో మదరాసునకు వచ్చి, దక్షిణదేశమున శ్రీరామకృష్ణసంఘమునకు పునాది వేసిన మహనీయుడు.

1886 జనవరి 1, శుక్రవారము, ఆంగ్లసంవత్సరాది. కచేరీలకు సెలవగుటచే గృహస్థభక్తులు ముప్పదిమందికి పైగా మధ్యాహ్నమునుండి ఉద్యానమునకు వచ్చి కూడిరి. ఆ సెలవును వారు వేడుకలకు వినియోగించుకొని యుండవచ్చును. వ్యాధిగ్రస్తులైన తమ గురుదేవుల దర్శనమునకు వినియోగించిరి. సుమారు మూడు గంటల వేళ శ్రీరామకృష్ణులు, దేహము కొంత తేలికగా నుండుటచే, మేడ దిగి తోటలో నడచిరి. గిరీశచంద్రఘోష్ మోకరిల్లి చేసిన స్తుతిని విని భావపరవశులై, అందఱికిని చైతన్యము కలుగుగాక యని ఆశీర్వదించి, భక్తులను స్పృశించిరి. వారిలో పెక్కండ్రకు ఆ స్పర్శచే అపూర్వమైన ఆధ్యాత్మికానుభవములు కలిగెను. రామచంద్రదత్తు మొదలగు భక్తులు ఆ దినమును కల్పతరుదినమనిరి. శారదానందస్వామి మాత్రము తన గ్రంథమున దానిని ఆత్మప్రకాశముతో కూడిన అభయప్రదానమనుటయే యుక్తమని వివరించెను. ఏలయన కల్పతరువు మంచిచెడ్డలు చూడక కోరినదెల్ల నొసగును. ఆనాడు వారు ఒసగినది కోరినది కాదు, కావలసినది. వారు దీవించినది ధనము కలుగుటకు కాదు, ఉద్యోగము పెరుగుటకు కాదు; మేల్కొనుటకు.

ఆ సమయమున యువశిష్యులు తోటలో లేరు. రాత్రి సేవయందును సాధనయందును మేల్కొనియున్నవారు నిద్రించుచుండిరి. లాటూ, శరత్తు అను ఇరువురు మాత్రము, గురుదేవులు క్రిందికి దిగిన ఆ కొంచెము వ్యవధిని చూచుకొని, వారి పాన్పును ఎండలో వేయుచు, గదిని శుభ్రపఱచుచుండిరి. క్రింద జరుగుచున్నది మేడపైనుండి వారికి కనబడినది. ఐనను వారు పనిని విడిచి దిగలేదు. వారు తిరిగి వచ్చునప్పటికి గది సిద్ధము కాకున్నచో రోగికి కష్టము. ఆ శరత్తే తరువాత శారదానందస్వామి. ఆ లాటూ, కలకత్తాకు వచ్చి యొక భక్తుని యింట పనిచేసిన నిరక్షరాస్యుడైన బీహారు బాలుడు, తరువాత అద్భుతానందస్వామి. క్రింద నున్నవారికి ఆనాడు స్పర్శ లభించినది; పైనున్నవారికి ఊడ్చిన గది లభించినది. అందుచే వీరు నష్టపోయిరని తలచువానికి సేవయొక్క రహస్యము తెలియదు. కృతజ్ఞతతో నిండిన హృదయమునకు అడుగవలసిన దేమియు మిగులలేదు.

సెలవును సాధనగా మార్చుకొన్న వేఱొక గృహస్థుడు మహేంద్రనాథగుప్త. అతడు పాఠశాలయం దుపాధ్యాయుడు. కుటుంబకలహములచే మనస్సు కలతపడియున్న కాలమున, 1882 ఫిబ్రవరిలో, ఒక ఆదివారమునాడు దక్షిణేశ్వరము చేరెను. పిమ్మట సెలవు దొరకినప్పుడెల్ల అచటికి పోవుచు, ఇంటికి వచ్చి తాను చూచినదానిని విన్నదానిని దినచర్యపుస్తకమున వ్రాసికొనుచు, ఆ మాటలనే ధ్యానించుచు నుండెను. లోకోపకారమునకని అతడు వ్రాయ నారంభింపలేదు; తన హృదయమును చక్కదిద్దుకొనుటకు వ్రాసికొనెను. ఆ వ్రాతలే 1902 మొదలు 1932 వఱకు అయిదు సంపుటములుగా వెలువడిన శ్రీరామకృష్ణకథామృతము. ఒక ఉపాధ్యాయుడు తన తీఱిక దినములను పోగొట్టుకొనకుండుటచే లోకమునకు ఒక శాస్త్రము లభించినది. తన్ను బాగుచేసికొనుటకును లోకమునకు మేలుచేయుటకును నడుమ గోడ లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. తల్లి ఋణమును, గురువు ఋణమును, పేరైన తెలియని రైతు ఋణమును తీర్చుటెట్లు? తీర్చలేని అప్పును తలచుకొనుట మనస్సునకు భారము కాదా? ఉత్తరకాండమున శ్రీరాముడు హనుమంతునకు వీడ్కోలొసగుచు చెప్పిన మాటయందు దీనికి సమాధానము కలదు. హనుమంతుడు చేసిన ఉపకారము తనయందే జీర్ణమగుగాక యని రాముడు కోరెను. ఏలయన ప్రత్యుపకారమునకు అవకాశము రావలెనన్నచో ఉపకారికి ఆపద రావలెను. బదులు చెల్లించి చేతులు కడుగుకొనుట వర్తకుని నీతి. తిన్న అన్నము జీర్ణమై రక్తమైనట్లు, పొందిన మేలు జీర్ణమై స్వభావము కావలెను. తల్లి ఓర్పును పొందినవాడు ఓర్పు గలవాడగుటయే తల్లికి చెల్లింపు. గురువు బోధను పొందినవాడు దానిని బ్రదుకుటయే గురుదక్షిణ. కాబట్టి ఆత్మోన్నతి కృతజ్ఞతకు వేఱైన ప్రయత్నము కాదు. తీర్చలేని ఋణము లోపల పక్వమైనచో దాని పేరే ఆత్మోన్నతి.

దీనికి పెద్ద యేర్పాట్లు అక్కఱలేదు. సెలవుదినమున ప్రాతఃకాలముననే, ఫోనును తాకకమునుపు, గృహస్థుడు పూజాపీఠము నెదుట కూర్చుండి, ఆ వారమున తన్ను మోసినవారిని ఒక్కొక్కరినే తలచుకొనవలెను. సాధారణముగా 'అందఱికిని కృతజ్ఞుడను' అనుకొనుటలో ఫలము స్వల్పము. పేరుతో, ముఖముతో, వారు చేసిన పనితో తలచుకొనినపుడే హృదయము కరగును. పిమ్మట వారిలో ఒక్కరి భారమునైనను ఆనాడు తన చేతులతో తగ్గింపవలెను. భార్యకు వంటయింటి పని తగ్గించుట, వృద్ధుడైన తండ్రి ప్రక్కన తొందరలేక కూర్చుండుట, ఇంటిలో పనిచేయు స్త్రీకి కూలి కోయక సెలవొసగుట: ఇవియు యజ్ఞములే. అటుపైని ఒక గంట యేకాంతమున స్వాధ్యాయము, జపము. రాత్రి నిద్రకు ముందు, గడచిన వారమున పని తనలో బయటపెట్టిన దోషమును ఒక్కదానిని గుర్తించి, వచ్చు సెలవు వఱకు దానిని కావలి కాయుదునని చిన్న సంకల్పము. పదింటికి పూనుకొని విడుచుటకంటె ఒక్కదానిని పట్టి నిలుచుట మేలు. తన్ను తానే ఉద్ధరించుకొనవలెనని గీతాచార్యుడు ఆదేశించినది ఒక్కదినమున ఎగిరి శిఖర మెక్కుమని కాదు.

పండుగ తోరణములు మఱునాటికి వాడును; పిండివంటలు మూడు దినములలో అయిపోవును. గృహస్థుడు మఱల పనికి పోవును. అదే గది, అదే బల్ల, అదే పై అధికారి. కాని ఋణమును తలచి వచ్చినవాడు ఆ బల్లయొద్ద కూర్చుండునపుడు, తనకు రావలసినదేమి యను లెక్కతో గాక, తాను ఈయవలసినదేమి యను లెక్కతో కూర్చుండును. పని మాఱలేదు, పనిచేయువాడు మాఱినాడు. కణుపునొద్ద కన్ను విచ్చినదనుటకు గుర్తు అదియే.